వేయి స్తంభాల గుడి, వేయికాళ్ల మండపం

హనుమకొండలో ఉన్నది వేయి స్తంభాల గుడి. తిరుమలలో ఒకప్పుడు ఉన్నది వేయికాళ్ల మండపం. రెండుచోట్లా నిలబెట్టింది రాతి కంబాలే కదా, ఒకచోట స్తంభం, ఇంకోచోట కాలు ఎందుకైంది? ఆ వేయి లెక్కపెట్టి చెప్పిందేనా?

తిరుపతి నుంచి: మా వైపు మండపానికి కాళ్లే ఉంటాయండి. ఊళ్లో నాలుగుకాళ్ల మండపం అంటే ఏ ఆటో అయినా తిన్నగా తీసుకెళ్తుంది. పక్కనే ఉన్న అరవంలోనూ ఆయిరంకాల్ మండపమే, ఆయిరం అంటే వెయ్యి. తిరుమలది 2003లో తీసేశారు, పేరు మాత్రం జనం నోట్లో నిలిచింది.

హనుమకొండ నుంచి: లెక్క సంగతి మమ్మల్ని అడగకండి సార్! స్తంభాల మీద చెక్కిన బుల్లి స్తంభాలు కూడా కలుపుకుంటే వెయ్యి అవుతాయంటుంటారు. అట్లా కలుపుకుంటూ పోతే ఏ గుడికైనా వెయ్యి వస్తయి. మధురైలో పేరు ఆయిరంకాల్, ఉన్నవి 985. మూడబిదిరె జైన బసదిని, అంటే జైన గుడిని, కన్నడిగులు సావిర కంబద బసది అంటారు, సావిర అంటే వెయ్యే. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, ఆ అబద్ధాలు ఎవరన్నా లెక్కపెట్టిన్రా? వేయి అంటే బోలెడన్ని, అంతే.

అసలు హనుమకొండ గుడిలో కాకతి రుద్రదేవుడు 1163లో వేయించిన శాసనం చూడండి. అచింతేంద్రుడు రాసిన సంస్కృతం అది. రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు, ముగ్గురి ప్రతిష్ఠ గురించి చెప్తుంది. ఒకే రంగమండపానికి మూడు గర్భగుళ్లు, అందుకే త్రికూటం. చాళుక్యుల చెయ్యి దాటి సొంతంగా నిలబడ్డ రాజు కట్టించిన గుడి. ఆ నల్లరాతి స్తంభాలు తిరగలిరాయిలా గుండ్రంగా తిరిగి, మళ్లీ పలకలు తేలి, మళ్లీ గుండ్రమవుతాయి. నునుపు చూస్తే చెయ్యి పెట్టకుండా ఉండలేం. ఎదురుగా ఉన్న కల్యాణ మండపాన్ని ఏ రాయికారాయి విప్పి, మళ్లీ పేర్చి, 2024 శివరాత్రికి తెరిచారు. పేరు మాత్రం స్తంభాలకే దక్కింది, దేవుళ్లకు కాదు. నాకైతే అదే నచ్చింది.

ఇంకొకరు: స్తంభం సంస్కృతం, కంబం దాని తద్భవం. ఖమ్మాన్ని స్తంభాద్రి, కంబంమెట్టు అనేవారు కదా. వేయి కంబాల గుడి అనలేదేమో గానీ, అన్నా అతికేది.

తిరుపతి నుంచి: అతుకుతుంది సరే, మంచానికేమో కోళ్లు, పందిరికేమో గుంజలు! మా మండపానికి కాళ్లు అలాగే ఉండనివ్వండి.