27 అంగుళాల పెన్ డిస్‌ప్లే: తేలియా రుమాల్ డిజైన్లకు సరిపోతుందా?

అందరికీ నమస్తే. నల్లగొండ నుంచి అడుగుతున్న. పుట్టపాక తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసే ఇక్కత్), పోచంపల్లి ఇక్కత్ డిజైన్లను గ్రాఫ్ మీద గీయడానికి వాకమ్ సింటిక్ ప్రో 27 అనే పెన్ డిస్‌ప్లే (తెర మీదే పెన్నుతో గీసేది) చూస్తున్నం. 4కె, 120 హెర్ట్జ్, పెన్ను నొక్కుడును గుర్తించే 8192 ప్రెషర్ స్థాయిలు, కంపెనీ చెప్పే లెక్కల్లో బాగున్నయి. వాడినవాళ్లు చెప్పాల్సినవి వేరే ఉన్నయి.

ముఖ్యమైనది ఏటవాలు గీత. స్కేలు ఆనించి చాలా నెమ్మదిగా గీస్తే అల వచ్చినట్టు వంకరపోతుందా? గాజు కింది సెన్సర్ తీగల మధ్య పెన్ను స్థానాన్ని లెక్కగట్టడంలో తేడా వస్తే ఇట్ల అవుతుంది. స్టెబిలైజర్ (గీతలో వణుకు సరిచేసే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్) సున్నాకు పెట్టి, మధ్యలో ఒకసారి, నాలుగు మూలల్లో ఒక్కోసారి గీసిన ఫొటోలు పెడితే మేలు. ఇక్కత్‌లో నూలుకు ముందే రంగు అద్దుతరు కాబట్టి గడి తప్పితే మగ్గం మీద దిద్దలేం.

పెన్ను బరువు మాత్రమే ఆనినప్పుడు గీత పడుతుందా, నొక్కాలా?

ఎండాకాలం ఇక్కడ 44 డిగ్రీలు దాటుతుంది, గదిలో కూలరే. ఫ్యాన్ చప్పుడు ఎంత? గాజు చెయ్యి ఆనించలేనంత వేడెక్కుతుందా? కరెంటు పోయి వస్తుంటది. కంప్యూటర్‌తో పాటు దీన్నీ 1 కేవీఏ యూపీఎస్ మీద నడిపిస్తున్నవాళ్లు ఉన్నారా?

మా గ్రాఫిక్స్ కార్డుకు హెచ్‌డీఎంఐ 2.0, డిస్‌ప్లేపోర్ట్ 1.4 రెండూ ఉన్నయి. మొదటిదాంతో 4కె 60 హెర్ట్జ్ దగ్గరే ఆగుతుంది, అందుకే రెండోదే వాడుతం. స్టాండ్ విడిగా కొనాలి. దాని బదులు గట్టి మానిటర్ ఆర్మ్ పెడితే గీసేటప్పుడు ఊగుతుందా?