సాగర్‌కి ఒక్కరోజు టూర్: పన్నెండు మందిమి, పెద్దవాళ్లు ఉన్నారు, సలహా చెప్పండి

రాజాం నుంచి ప్రశ్న:

అందరికీ నమస్కారం. అమ్మ, నాన్న, ఇద్దరు అక్కల కుటుంబాలు, మేము, మొత్తం పన్నెండు మందిమి. నాన్న ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. గొట్టా బ్యారేజీ దగ్గర్నుంచి మడ్డువలస, తోటపల్లి దాకా ఆయన తిరగని గట్టు లేదు గానీ నాగార్జునసాగర్ మాత్రం ఇంతవరకూ చూడలేదు. ఈసారి ఎలాగైనా చూపించాలి.

హైదరాబాద్‌లో తమ్ముడున్నాడు. అక్కడ ఒకరు చిన్న గ్రూపులకి టెంపో ట్రావెలర్ వేసి, గైడుతో సహా ఉదయం తీసుకెళ్లి రాత్రికి దిగబెడతామంటున్నారు. శుక్రవారం వస్తే రేటు తగ్గిస్తారట. డ్యామ్ మీద నడిపిస్తామని కూడా అన్నారు. నమ్మొచ్చా? పెద్దవాళ్లతో ఒక్కరోజులో అవుతుందా? గేట్లు ఎత్తినప్పుడే వెళ్లాలంటే ఎప్పుడు వెళ్లాలి? గైడు నిజంగా అవసరమా?

విజయనగరం నుంచి:

శుక్రవారం మాత్రం వద్దు మాస్టారూ. జలాశయం మధ్యలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి ఆ రోజే సెలవు. రేటు ఎందుకు తగ్గించారో ఇప్పుడు అర్థమైందా?

మాచర్ల నుంచి (సొంతూరు చీపురుపల్లి):

ఉద్యోగరీత్యా ఇటువైపు ఉంటున్నాను. ఇంటికి చుట్టాలొచ్చిన ప్రతిసారీ సాగర్ తిప్పే పని నాదే, అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందు డ్యామ్ మీద నడక సంగతి. సాగర్ కుడి గట్టు మన పల్నాడు జిల్లాలో, ఎడమ గట్టు తెలంగాణలో నల్గొండ జిల్లాలో ఉన్నాయి. 2023 నవంబరు చివర్లో నీళ్ల గురించి రెండు రాష్ట్రాలకీ గొడవైంది. ఆ తర్వాత డ్యామ్ దగ్గరికి కేంద్ర బలగాలు కాపలాకొచ్చాయి. టూరిస్టుల్ని డ్యామ్ పైకి పంపడం అనేది టూర్ వాళ్ల చేతిలో ఉన్న పని కాదు. ఆ మాట చెప్పి ప్యాకేజీ అమ్ముతున్నారంటే మిగతా మాటల్నీ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. డ్యామ్ ఎదురుగా, దిగువన నది మీద వంతెన ఉంది. 26 గేట్లూ వరసగా కనిపించేది అక్కణ్ణుంచే, ఫొటోలన్నీ అక్కడివే. బండి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోయేది కూడా ఆ వంతెన మీదుగానే.

ఇక రోజు ఎలా గడపాలన్నది. టూర్ వాళ్లు పొద్దున్నే డ్యామ్ చూపించి, టిఫిన్ పెట్టించి, మధ్యాహ్నానికి తీరిగ్గా నాగార్జునకొండ వెళ్లే లాంచీ రేవుకి తెస్తారు. అది తలకిందుల పద్ధతి. సాగర్‌లో మీ చేతిలో లేనిది లాంచీ ఒక్కటే. డ్యామ్ సాయంత్రమైనా అక్కడే ఉంటుంది, ఎత్తిపోతల జలపాతం కూడా అంతే. లాంచీ మాత్రం జనం చాలినంత పోగైతేనే కదులుతుంది, గాలి ఎక్కువైతే ఆపేస్తారు, మధ్యాహ్నం దాటితే ఇక వేయకపోవచ్చు. అందుకే కుడి గట్టున విజయపురి సౌత్‌లో రేవు దగ్గర టికెట్ తీసుకోవడం ఆ రోజు మీ మొదటి పని కావాలి. వెళ్లడానికి ముప్పావు గంట పైనే, రావడానికి అంతే, కొండ మీద గంటో గంటన్నరో. సగం పూట అక్కడే అయిపోతుంది.

తిరిగొచ్చాక భోజనం. ఆ తర్వాత ఓపిక ఉంటే గట్టున పాత బౌద్ధ కట్టడాలున్న అనుపు, లేదంటే నేరుగా ఎత్తిపోతల. డ్యామ్ నుంచి మాచర్ల వైపు సుమారు 11 కిలోమీటర్లు. చంద్రవంక వాగు అక్కడ 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఎదుటి గట్టు మీద కంచె పక్కన నిలబడి చూడొచ్చు కాబట్టి మీ అమ్మగారికి మెట్లు దిగే బాధ లేదు. కింద మడుగులో మొసళ్లుంటాయి. పిల్లలకి జలపాతం కంటే అవే గుర్తుండిపోతాయి.

హైదరాబాద్ నుంచి (సొంతూరు పలాస):

పైన రాసింది బాగుంది గానీ మాచర్ల అన్నగారు ఎడమ గట్టుని పూర్తిగా వదిలేశారు. హైదరాబాద్ నుంచి ఇబ్రహీంపట్నం, కొండమల్లేపల్లి మీదుగా సుమారు 150 కిలోమీటర్లు, పొద్దున్నే బయల్దేరితే హాయిగా ఉంటుంది. దారిలోనే బుద్ధవనం తగులుతుంది. 2022 మేలో తెరిచారు, 274 ఎకరాలు. మధ్యలో పెద్ద స్తూపం, చుట్టూ జాతక కథల శిల్పాలు. పెద్దవాళ్లు నడవగలిగితే తప్పక చూపించండి.

గైడు గురించి నా అనుభవం చెప్తాను. మేం బుక్ చేసిన బండిలో గైడంటే డ్రైవరే. హిల్ కాలనీ దగ్గర బండి ఆపి "ఇదే డ్యామ్" అన్నాడు. అంతే, గైడింగ్ అయిపోయింది. రసీదు మీద గైడు ఛార్జీ మాత్రం విడిగా వేశారు. అప్పట్నుంచి ఎవరడిగినా ఒకటే చెప్తున్నాను: గైడు మనతో పాటు లాంచీ ఎక్కి కొండ మీదకి వస్తాడా, లేక రేవు దగ్గరే ఆగిపోతాడా అని ముందే అడగండి. రేవు దగ్గర ఆగేవాడికి డబ్బులివ్వడం దండగ.

ఇంకొకటి. ఎడమ గట్టు నుంచి వేసే లాంచీల్లో కొన్ని జలాశయంలో కాసేపు తిప్పి వెనక్కి తెచ్చేస్తాయి, కొండ మీద దించవు. ప్యాకేజీలో "బోటింగ్" అని మాత్రమే రాసుంటే అది ఇదే అనుకోండి. "నాగార్జునకొండ మీద దింపుతారా" అని అదే మాటతో అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి.

నరసన్నపేట నుంచి:

అసలు హైదరాబాద్ దాకా ఎందుకు? మనవైపు నుంచి సాగర్ వెళ్లేవాళ్లు ముందు హైదరాబాద్ వెళ్లి, అక్కణ్ణుంచి వెనక్కి రావడం నాకెప్పుడూ అర్థం కాదు. విశాఖ ఎక్స్‌ప్రెస్ శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం మీదుగా వెళ్లి, గుంటూరు దాటాక పిడుగురాళ్ల, నడికుడి, మిర్యాలగూడ మీదుగా సికింద్రాబాద్ చేరుతుంది. అంటే మీ రైలు సాగర్ పక్కనుంచే పోతోందన్నమాట. మిర్యాలగూడలో దిగితే దగ్గరే గానీ తెల్లవారకముందే దిగాలి, పెద్దవాళ్లకి కష్టం. గుంటూరులో దిగి, గదులు తీసుకుని పడుకుని, పొద్దున్నే అక్కడే బండి మాట్లాడుకోండి. సత్తెనపల్లి, పిడుగురాళ్ల, మాచర్ల మీదుగా దూరం హైదరాబాద్ నుంచి ఎంతో ఇంచుమించు అంతే.

ఇందులో ఇంకో లాభం. గుంటూరు బండి, కుడి గట్టు, విజయపురి సౌత్, ఎత్తిపోతల, అన్నీ ఆంధ్రాలోనే. బుద్ధవనం కోసం వంతెన దాటితేనే తెలంగాణ పర్మిట్ గొడవ వస్తుంది. అది బండివాడితో ముందే తేల్చుకోండి. దారిలో తేల్చుకుందామంటే పర్సు తీయాల్సింది మీరే.

రాజాం నుంచి మళ్లీ:

చాలా థాంక్స్ అండీ. శుక్రవారం మానేశాం. గుంటూరు ఐడియా తమ్ముడికి నచ్చలేదు, వాడింటికి రాలేదని అలిగాడు, అది వేరే సంగతి. గేట్ల గురించి ఎవరైనా చెప్పండి. నాన్న అడిగేదల్లా అదే. డ్యామ్ రాతిదా కాంక్రీటుదా అని కూడా అడుగుతున్నారు.

మాచర్ల నుంచి:

మీ నాన్నగారు ఇరిగేషన్ మనిషి కాబట్టి లెక్కలతోనే చెప్తాను. సాగర్ పూర్తి మట్టం సముద్రమట్టం నుంచి 590 అడుగులు. గేట్లు కూర్చున్న మట్టం 546. ఒక్కో గేటు 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. నీళ్లు 546 దాటితే గానీ గేటుకి తడే తగలదు, 590 దగ్గరపడితే గానీ సాధారణంగా ఎత్తరు.

కాబట్టి "ఆగస్టులో వెళ్తే గేట్లు చూడొచ్చు" అని ఎవరైనా అంటే నమ్మొద్దు. కొన్నేళ్లు ఆగస్టులోనే ఎత్తుతారు, కొన్నేళ్లు ఇంకా ఆలస్యమవుతుంది, వానలు లేని ఏడాది అసలు ఎత్తరు. చూడాల్సింది క్యాలెండర్ కాదు, ఎగువనున్న శ్రీశైలం డ్యామ్. దాని పూర్తి మట్టం 885 అడుగులు. అక్కడ గేట్లు ఎత్తారని పేపర్లో పడగానే సాగర్ మట్టం రోజూ గమనించండి. ఎగువ నుంచి వచ్చే వరదని బట్టి ఇది నిండడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది. మట్టం 580 దాటి ఇన్‌ఫ్లో లక్షల క్యూసెక్కుల్లో ఉంటే రైలు టికెట్లు చూసుకోవచ్చు, అదీ తత్కాల్‌లో.

గేట్లు ఎత్తిన శని, ఆదివారాల్లో మాత్రం పెద్దవాళ్లని తీసుకురావద్దు. వంతెన మీద బండి కదలదు. వరద బాగా ఉంటే లాంచీలు కూడా ఆపేస్తారు. గేట్లూ కొండా రెండూ ఒకే రోజు దొరకడం అదృష్టం. రెండిట్లో ఏది ముఖ్యమో మీ నాన్నగార్నే అడగండి.

రాతి సంగతి: నది మీద ఉన్న అసలు ఆనకట్ట రాతి కట్టడమే. ఎత్తు 124 మీటర్లు. రెండు పక్కలా మట్టికట్టలున్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాది రాయి వేశారు. అప్పట్లో సిమెంటుకీ యంత్రాలకీ కరువు. రాయికీ రాయి కట్టే మనుషులకీ కరువు లేదు. అంత ఎత్తు ఆనకట్టని మనుషులు రాళ్లు మోసి కట్టారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్లు వదిలారు. కుడి కాలువకి నెహ్రూ పేరు, ఎడమ కాలువకి లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టారు.

ఆయనకి నచ్చే ముచ్చట ఇంకొకటుంది. పెద్ద విద్యుత్ కేంద్రంలో 8 యూనిట్లుంటే అందులో 7 రివర్సిబుల్. కరెంటు మిగులున్న వేళల్లో అవే మోటార్లయి దిగువ నీళ్లని మళ్లీ పైకి తోడతాయి. గొట్టాలో, తోటపల్లిలో ఇలాంటిది ఆయన చూసి ఉండరు.

శ్రీకాకుళం నుంచి (రిటైర్డ్ టీచర్ని):

బాబూ, అందరూ గేట్లూ బండ్లూ అంటున్నారు గానీ గైడు దేనికో ఎవరూ చెప్పలేదు. డ్యామ్‌కి గైడు అక్కర్లేదు, కళ్లుంటే చాలు. గైడు కావలసింది కొండ మీద.

ఈ జలాశయం కింద ఒక ఊరు కాదు, ఒక రాజధాని మునిగింది. ఇక్ష్వాకుల విజయపురి. క్రీస్తు శకం మూడు, నాలుగు శతాబ్దాల నాటిది. ఆనకట్ట కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వారు. దొరికిన వాటిలో ముఖ్యమైన కట్టడాల్ని రాయి రాయి విప్పి కొండ మీదకీ, గట్టున అనుపుకీ తెచ్చి మళ్లీ కట్టారు. శిల్పాలు మ్యూజియంలో పెట్టారు. లాంచీ దిగి పైకి వెళ్లాక కనిపించే స్తూపాలు ఒకప్పుడు మీ లాంచీ నడిచిన నీళ్ల కింది లోయలో ఉండేవి. ఇది చెప్పేవాడు లేకపోతే పిల్లలకి అవి ఇటుకల గుండ్రాలు, అంతే.

మ్యూజియంలో లోయ మొత్తం మునగక ముందు ఎలా ఉండేదో చూపించే నమూనా ఒకటుంది. ముందు దాని దగ్గర నిలబడండి, తర్వాత శిల్పాల్లోకి వెళ్లండి. లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న పలనాటి సున్నపురాయి మీద చెక్కిన పలకలవి. వాటిలో మనుషుల నడుము ఒంపులూ తలపాగాల ముడులూ పక్కనుంచి వెలుతురు పడ్డప్పుడు చూడాలి. మన శాలిహుండం ఎప్పుడైనా వెళ్లారా? వంశధార గట్టున గుట్ట మీద అవే స్తూపాలు, అదే బౌద్ధం. అదేమో ఎక్కడ కట్టారో అక్కడే ఉండిపోయింది, నాగార్జునకొండ చోటు మారింది. పిల్లల్ని ముందు ఒక ఆదివారం శాలిహుండం తీసుకెళ్లండి, పెద్ద ఖర్చు లేని పని. ఆ తర్వాత గైడు ఏం చెప్పినా పట్టుకుంటారు.

రేవు దగ్గర స్థానికంగా చెప్పేవాళ్లు దొరికితే మాట్లాడుకోండి. డబ్బు ముందు తేల్చుకోండి, తిరిగొచ్చాక ఇవ్వండి.

పార్వతీపురం నుంచి:

పెద్దవాళ్లకి కొండ మీద నడక ఎలా ఉంటుంది? మా అత్తగారికి మోకాళ్ల నొప్పి.

మాచర్ల నుంచి:

లాంచీ దిగాక మ్యూజియం దాకా నడవాలమ్మా. నెమ్మదిగా, ఆగి ఆగి వెళ్తే పర్వాలేదు. లాంచీలోకి ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మాత్రం చెయ్యి పట్టుకునే మనిషి కావాలి. లైఫ్ జాకెట్ వేసుకోమంటే బిగుతని విసుక్కోకండి. 2019లో కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగి ఏం జరిగిందో మనందరికీ తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో పెద్దవాళ్లని తీసుకురానే వద్దు, పల్నాడు ఎండ అట్టా ఇట్టా ఉండదు.

రాజాం నుంచి:

నాన్నకి మొత్తం చదివి వినిపించాను. 546కి 44 కలిపి "సరిపోయింది" అన్నారు. గేట్లా కొండా అంటే కొండే అన్నారు, అది మాత్రం మేం ఎవరం అనుకోలేదు. అక్టోబరు దాటాక ఒక బుధవారం పెట్టుకుంటున్నాం, గుంటూరు నుంచి. తమ్ముడూ వాళ్లూ అటు నుంచి గుంటూరు వచ్చి కలుస్తారు. భోజనం మోసుకెళ్లాలా?

మాచర్ల నుంచి:

కొండ మీద భోజనం దొరుకుతుందని లెక్కేసుకోవద్దు. నీళ్లూ, పిల్లలకి బిస్కెట్లూ దగ్గర పెట్టుకోండి. అన్నం తిరిగొచ్చాక రేవు వైపే తినొచ్చు, సాగర్ చేపల వేపుడు తినకుండా రావద్దు.

బుధవారం అంటున్నారు కాబట్టి ఒక మాట. మామూలు రోజుల్లో జనం తక్కువ, మనుషులు పోగవక లాంచీ ఆలస్యమవుతుంది, ఒక్కోసారి వేయరు. మీరు పన్నెండు మంది ఉన్నారు, తక్కువేం కాదు. ముందురోజే విజయపురి సౌత్ లాంచీ స్టేషన్‌కి ఫోన్ చేసి, ఇంతమందిమి వస్తున్నాం, మొదటి లాంచీ ఎన్నింటికి అని అడగండి. స్కూలు పిల్లల టూర్ ఏదైనా ఉందేమో కూడా అడగండి. ఉంటే వాళ్లతో పాటే కదిలిపోవచ్చు.