అప్‌డేట్: పదో తరగతికి సింక్రోట్రాన్ పాఠం చెప్పేశాను

మాది విజయనగరం జిల్లాలో హైస్కూల్, ల్యాబ్ అంతంతమాత్రం, పదో తరగతి పిల్లలకి సింక్రోట్రాన్ (ఎలక్ట్రాన్లని వలయంలో తిప్పి ఎక్స్-కిరణాలు పుట్టించే పెద్ద యంత్రం) గురించి ఎలా చెప్పాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

వేరే పాఠంగా పెట్టలేదు. అయస్కాంత క్షేత్రంలో కదిలే ఆవేశంపై బలం దగ్గరే కలిపేశాను. దాదాపు కాంతివేగంతో పోయే ఎలక్ట్రాన్‌ని అయస్కాంతం వంచిన చోటల్లా స్పర్శరేఖ దిశలో ఎక్స్-కిరణాలు వస్తాయి. బోర్డు మీద బొమ్మ సగం మందికే ఎక్కింది. తడి గొడుగు గిర్రున తిప్పేసరికి ముందు బెంచీ తడిసింది, వెనక బెంచీ "స్పర్శరేఖ!" అని అరిచింది. (కాంతి చినుకులా అంచు నుంచి ఊడిపడదనీ, ఎలక్ట్రాన్ తన శక్తిలోంచి ఇస్తుందనీ చెప్పడం మరవకండి.)

ఇండోర్‌లోని ఇండస్-2 అనే సింక్రోట్రాన్ చుట్టుకొలత 172.5 మీటర్లు అన్నాను. పిల్లలు వ్యాసం సుమారు 55 మీటర్లని లెక్కగట్టి, "మన గ్రౌండ్‌లో పట్టేస్తుంది మాస్టారూ" అన్నారు.

అసలు ఊపు తెచ్చింది మాత్రం గరివిడి వైపు నుంచి ఒకమ్మాయి తెచ్చిన మాంగనీసు రాయి. ఎక్స్-కిరణాలు పడితే మాంగనీసు సుమారు 5.9, ఇనుము 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణం శక్తికి కొలత) దగ్గర తమ సొంత కిరణాలు విడుదల చేస్తాయి. రాయి పగలగొట్టకుండానే ఏముందో తెలుస్తుంది. "చిన్న మెషీన్‌తో అవదా?" అంది. అవుతుంది. కానీ సింక్రోట్రాన్ కిరణం సన్నగా, చాలా తీక్షణంగా ఉంటుంది కాబట్టి ఏ మూలకం ఎక్కడుందో మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యోవంతు) స్థాయిలో మ్యాప్ గీయొచ్చు.

సింక్రోట్రాన్ ఎక్స్-కిరణాలతో రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే భాగం) నిర్మాణం కనిపెట్టి 2009 నోబెల్ తెచ్చుకున్న కథకి టైం చాలలేదు. అది బయాలజీ మేడమ్ చెబుతానన్నారు.