మినీ గుర్రాలకు స్టాల్ (గుర్రపు గది) ఎంత సైజు పెట్టాలి? (24×36 పోల్ బార్న్)

టెక్సాస్_తబేలా
డాలస్‌కు ఉత్తరాన పొలంలో 24×36 అడుగుల పోల్ బార్న్ (గుంజల మీద నిలిపిన కొట్టం) ఉంది. పొడవు వైపు 12 అడుగులకో గుంజ. మినీలు మూడు: 33 అంగుళాల ఆడది (చూలుతో ఉంది, ఏప్రిల్‌లో ఈనాలి), విత్తుకొట్టించిన మగది 31 అంగుళాలు, స్టాలియన్ (విత్తుకొట్టించని మగది) 30 అంగుళాలు. మధ్యలో నడవా వదిలి రెండు పక్కలా స్టాళ్ళు వేయాలి. కాంట్రాక్టరేమో "పెద్ద గుర్రానికి 12×12 కదా, వీటికి 6×6 బోలెడు" అంటున్నాడు. సరిపోతుందా? గోడ ఎత్తు, తలుపు, కింద ఏం పరచాలో కూడా చెప్పండి. ఎండాకాలం పగలంతా లోపలే ఉంటాయి, చలికాలం రాత్రుళ్ళు లోపల.

వడ్రంగి_ఎన్‌సీ
6×6 వద్దండి. గుర్రం నిలబడడానికి ఎంత చోటు పడుతుందన్నది లెక్క కాదు, పడుకుని పొర్లి మళ్ళీ లేవడానికి ఎంత కావాలన్నది లెక్క. పక్కకు పడుకుని కాళ్ళు చాపితే వీపు నుంచి గిట్టల దాకా దాదాపు దాని ఎత్తంత వెడల్పు ఆక్రమిస్తుంది. అలా పొర్లి అవతలి వైపు తిరిగితే కాళ్ళు గోడకు ఆని మడుచుకుపోతాయి, లేవలేదు. రాత్రిపూట అలా ఇరుక్కుంటే గంటల తరబడి తన్నుకుని కాళ్ళు చెక్కుకుంటాయి, కడుపు కూడా పాడవుతుంది.

34 అంగుళాల లోపు వాటికి 8×8 కనీసం, 8×10 అయితే హాయి. 34 దాటి 38 దాకా ఉండే బీ సైజు వాటికి 10×10. ఈనే ఆడదానికి 10×12.

పుంగనూరు_ఫ్యాన్
మా పుంగనూరు ఆవులు కూడా మూడడుగుల లోపే, ఇంతకంటే చిన్న చోట్లో హాయిగా ఉంటాయి. గుర్రానికి ఇంత ఎందుకు?

వడ్రంగి_ఎన్‌సీ
ఆవు రొమ్ము మీద కూర్చున్నట్టు పడుకుని నెమరేస్తుంది, వీపు మీద పొర్లదు. గుర్రం పొర్లకుండా ఉండదు. కొలతల తేడా అంతా అక్కడే.

రైన్‌లాండ్_రౌతు
కనీసం ఎంత అన్నదానికి ఇక్కడ జర్మనీలో ఒక సూత్రం వాడతాం. 2009 నాటి వ్యవసాయ మంత్రిత్వ శాఖ మార్గదర్శకాల్లో ఉంది: మూపు దగ్గర ఎత్తును రెట్టింపు చేసి, దాన్ని దానితోనే గుణిస్తే వచ్చే వైశాల్యం. ఇరుకు పక్క ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. 33 అంగుళాలంటే 84 సెం.మీ., రెట్టింపు 1.68 మీ., వైశాల్యం 2.8 చదరపు మీటర్లు, అంటే 30 చదరపు అడుగులు. ఆ లెక్కన మీ కాంట్రాక్టర్ చెప్పిన 6×6, అంటే 36 చదరపు అడుగులు, నియమానికి లోబడే ఉంది!

కానీ అది "ఇంతకు తగ్గితే తప్పు" అనే గీత. రోజుకు పన్నెండు గంటలు లోపలుండే గుర్రానికి ఆ గీత మీదే కట్టకండి. బయట తిరిగే గంటలు ఎంత తగ్గితే స్టాల్ అంత పెరగాలి.

ఇంకో మాట, ఎత్తు ఎక్కడ కొలిచారో చూసుకోండి. అమెరికన్ మినియేచర్ హార్స్ అసోసియేషన్ 34 అంగుళాల హద్దును మెడ మీది జూలు చివరి వెంట్రుకలు ఆగే చోట కొలుస్తుంది, మూపు మీద కాదు. కాగితంలో 33 ఉన్నది మూపు దగ్గర ఇంకాస్త ఎక్కువే తేలొచ్చు.

మొయినాబాద్_పోనీ
హైదరాబాద్ పక్క ఫామ్‌లలో మినీలు తక్కువ, పోనీలే ఎక్కువ. బ్రిటిష్ హార్స్ సొసైటీ పోనీకి 10×10, పెద్ద పోనీకి 10×12 అంటుంది, ఆ అంకెలే ఇక్కడా పట్టుకుంటారు. మినీకి 8×8 దాటితే సౌఖ్యమే తప్ప అవసరం కాదని నా అభిప్రాయం. స్టాల్ పెద్దదయ్యేకొద్దీ పరుపు ఖర్చు, లద్దె ఎత్తే శ్రమ కూడా పెరుగుతాయి, అది మరచిపోతున్నారు.

వడ్రంగి_ఎన్‌సీ
ఆ లెక్క కూడా వేద్దాం. 8×8లో నాలుగు అంగుళాల మందాన షేవింగ్స్ (చిత్రిక పట్టిన చెక్క పొట్టు) పరచాలంటే సుమారు 21 ఘనపుటడుగులు. విప్పితే 8 ఘనపుటడుగులయ్యే సంచులు మూడు. 12×12కు అదే మందానికి 48, అంటే ఆరు సంచులు. రెట్టింపు. రోజూ మార్చేది తడిసినంత మేరే కాబట్టి నెలవారీ ఖర్చులో తేడా మరీ రెట్టింపు ఉండదు.

గిట్టల_డాక్టరు
సైజు గురించి అందరూ మాట్లాడుతున్నారు, మినీలకు జబ్బు తెచ్చేవి వేరే ఉన్నాయి.

ఒకటి, గాలి. మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా నేల దగ్గరే ఘాటుగా ఉంటుంది. పెద్ద గుర్రం ముక్కు నాలుగైదడుగుల పైన ఉంటే మినీ ముక్కు రెండడుగుల దగ్గర, పిల్లది ఇంకా కింద. మీరు నిలబడి వాసన చూసి "బాగానే ఉంది" అనుకుంటే లాభం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని చూడండి, కళ్ళు మండితే గాలి చాలనట్టే. గోడ కింది నుంచి పైదాకా పలకలు బిగించేసి పైన మాత్రమే కిటికీ పెడితే లోపల గాలి తొట్టిలో నీళ్ళలా నిలిచిపోతుంది. అడుగున్నర, రెండడుగుల ఎత్తు నుంచే మెష్ మొదలవ్వాలి.

రెండు, ఒంటరితనం. మినీలు, పోనీలు, గాడిదలు బెంగతోనో జబ్బుతోనో మేత మానేస్తే ఒంట్లో కొవ్వు ఒక్కసారిగా రక్తంలోకి వచ్చేస్తుంది, హైపర్‌లిపీమియా అంటారు. లావుగా ఉన్నవి, చూలుతో ఉన్నవి ఇందులో ముందు పడతాయి, కాలేయం చెడి చచ్చిపోవచ్చు. పక్క గుర్రం కనబడని స్టాల్ ఎంత పెద్దదైనా మినీకి మంచిది కాదు. పూట మేత వదిలేసిందంటే రేపు చూద్దాం అనుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి.

టెక్సాస్_తబేలా
డాక్టరు గారూ, అయితే తలుపు, గోడ ఎంత ఎత్తు పెట్టాలి? షాపులో దొరికే రెండు ముక్కల తలుపుల్లో కింది ముక్క 54 అంగుళాలు ఉంటోంది.

గిట్టల_డాక్టరు
అది మినీకి జైలు గోడ. తల ఎత్తినా కళ్ళు దాని పైకి రావు. కింద 20 నుంచి 24 అంగుళాల దాకా గట్టి పలక, అక్కడి నుంచి 48 దాకా మెష్. తిన్నగా 30 అంగుళాల తలుపు పెట్టి పైన ఖాళీ వదిలేస్తే కొన్ని దూకుతాయి, దూకనివి ఛాతీ ఆన్చి ఊగుతూ తలుపు బందులు వదులు చేస్తాయి. స్టాలియన్‌కు ఆడదానికి మధ్య మాత్రం ఐదడుగులు, అందులో నాలుగడుగులు గట్టి పలకే ఉండాలి. ఆ రెండింటినీ పక్కపక్కనే పెట్టకుండా నడవాకు చెరో వైపు వేయడం ఇంకా నయం.

లద్దె_బుట్ట
తలుపు వెడల్పు 4 అడుగులు పెట్టండి. గుర్రం రెండున్నర అడుగుల్లో దూరిపోతుంది, లద్దె ఎత్తే వీల్‌బారో దూరదు. దూరినా పిడికిళ్ళు చెక్కుకుంటాయి. గడియ బయటి వైపు, కింద ఇంకొకటి. పై గడియ పెదవులతో తీసేస్తాయి, మహా కంత్రీవి.

వడ్రంగి_ఎన్‌సీ
పలకల లెక్క: 2×6 అని అమ్మేది నిజానికి ఒకటిన్నర అంగుళాలు × ఐదున్నర. పది పలకలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే 55 అంగుళాలు వస్తుంది. 16 అడుగులది కొని మధ్యకు కోస్తే 8 అడుగుల గోడకు వృథా ఉండదు. పలకల మధ్య గాలి కోసం సందు వదిలితే ఒక అంగుళం మించకూడదు. అప్పుడే పుట్టిన మినీ పిల్ల గిట్ట రెండు వేళ్ళంత. 2×4 అంగుళాల కంచె మెష్‌లో పెద్ద గుర్రం గిట్ట పట్టదని నమ్మకంగా వేస్తారు, పిల్లది సులువుగా దూరి మెలిపడుతుంది. స్టాల్ లోపల 2×2 లోపు మెష్ వాడండి, మెష్ అంచు లోపలికి పొడుచుకు రాకుండా పట్టీ వేసి బిగించండి.

కింద నేలకు, మొదటి పలకకు మధ్య కూడా సందు వదలొద్దు. పిల్లది పడుకుని అటు దొర్లిపోతుంది, తల్లి ఇవతల గోల పెడుతుంది.

మొయినాబాద్_పోనీ
పరుపు గురించి: ఇక్కడ చవకని వరిగడ్డి, ఊక వేస్తారు. మినీలు రెండూ తింటాయి. సామిల్లు పొట్టయితే మరీ నలిగినది వద్దు, దుమ్ముకి దగ్గు పట్టుకుంటుంది. మేకులు ఉన్నాయేమో అయస్కాంతంతో ఒకసారి దువ్వి చూడటం నయం.

గిట్టల_డాక్టరు
సరైన మాట. మినీల పేగు సన్నం, ముతక గడ్డి తింటే చిన్న కోలన్‌లో (పెద్దపేగు చివరి భాగం) లద్దె గట్టిపడి అడ్డం పడటం వీటిలో ఎక్కువ. పైన్ షేవింగ్స్ మేలు. అమెరికాలో వాళ్ళు ఒకటి చూసుకోవాలి: ఫర్నిచర్ షాపుల నుంచి ఊరికే వచ్చే పొట్టులో బ్లాక్ వాల్‌నట్ (ఒక రకం అక్రోట్ చెక్క) కలిసి ఉంటే దాని మీద నిలబడితేనే గంటల్లో లామినైటిస్ (గిట్టల లోపలి వాపు) వస్తుంది. ఏ చెక్కదో తెలియని పొట్టు తేవద్దు.

లద్దె_బుట్ట
నీళ్ళ బకెట్ ఛాతీ ఎత్తులో తగిలించండి, అంచు రెండడుగుల దగ్గర. కొక్కెం మొన గోడ వైపు తిరగాలి, లేకపోతే కంటికి తగులుతుంది. ఎండుగడ్డి వలలు వద్దు: మినీకి అందేలా కిందకు కడితే కాలు చిక్కుకుంటుంది, పైకి కడితే దుమ్ము కళ్ళలో పడుతుంది. మూలన నేల మీద పెట్టె చాలు. ఈనే స్టాల్‌లో పెద్ద టబ్బులు ఉంచొద్దు, పిల్ల అందులో పడితే తనంతట లేవలేదు.

ఫ్యాన్ పెడితే మోటారు మూసి ఉన్న వ్యవసాయపు ఫ్యానే పెట్టండి. ఇంట్లో వాడే పెట్టె ఫ్యాన్ల మోటార్లలో గడ్డి దుమ్ము చేరి మంటలు అంటుకుంటాయి.

బీ_సైజు_బండి
అందరూ గదులు కడుతున్నారు, నాకు అర్థం కాదు. ఆడదాన్ని, విత్తుకొట్టించినదాన్ని కలిపి 12×12లో వదిలేస్తే అసలు ఈ గొడవే లేదు. కలిసి పెరిగినవి కలిసే పడుకుంటాయి. మేత వేసేటప్పుడు మాత్రం చెరో మూల కట్టేస్తే సరి.

వడ్రంగి_ఎన్‌సీ
మామూలప్పుడు ఒప్పుకుంటా. ఈనే ముందు నెల నుంచి కాదు. గదిలో ఇంకో గుర్రం ఉంటే పిల్లను తొక్కే ప్రమాదం ఉంది.

గిట్టల_డాక్టరు
ఈనే ఆడదానికి 10×12 అడగడానికి ఇంకో కారణం ఉంది. మినీ పిల్లల తల ఒంటికి పెద్దది, అడ్డం తిరిగి ఇరుక్కోవడం పెద్ద గుర్రాలకంటే ఎక్కువ. నీటి సంచి పగిలాక అరగంటలో పిల్ల బయట పడాలి. తల్లి ఏ మూలన పడుకుంటుందో మనం చెప్పలేం. వెనక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని చేయి పెట్టడానికి కనీసం మూడు నాలుగడుగులు కావాలి. 8 అడుగుల గదిలో తోక గోడకు ఆనించి పడుకుందంటే మీరు ముందు దాన్ని లేపాలి.

టెక్సాస్_తబేలా
సరే, ఇలా అనుకుంటున్నా: నడవా 8 అడుగులు, రెండు పక్కలా 8 అడుగుల లోతు. అప్పుడు ఒక్కో స్టాల్ 8×12. ఆడదానికి మాత్రం గోడను నడవాలోకి రెండడుగులు జరిపి 10×12. అక్కడ నడవా 6 అడుగులు మిగులుతుంది, వీల్‌బారోకు చాలు. స్టాలియన్ ఎదురు వరుసలో అటు చివర. విత్తుకొట్టించినది ఆడదాని పక్కన, మధ్యలో మెష్. రబ్బరు మ్యాట్లు ఎన్ని?

వడ్రంగి_ఎన్‌సీ
బాగుంది. ముప్పావు అంగుళం మందం మ్యాట్లు 4×6 సైజులో వస్తాయి, ఒక్కోటి వంద పౌన్ల దాకా బరువు, ఒంటరిగా ఎత్తకండి. 8×12కు నాలుగు. 10×12కు ఐదు: 12 అడుగుల పొడవునా రెండు నిలువుగా, వాటి పక్కన మూడు అడ్డంగా. కాగితం మీద కోతే లేదు. అదే 8×8 అయితే మూడు కొని, మూడోదాన్ని పొడవునా చీల్చి రెండడుగుల పట్టీలు వేయాల్సి వచ్చేది.

కాగితం మీద అన్నది ఎందుకంటే, మీ 12 అడుగులు గుంజ మధ్య నుంచి గుంజ మధ్యకు. 6×6 గుంజ నిజంగా ఐదున్నర అంగుళాలు, కాబట్టి గుంజల మధ్య ఖాళీ 11 అడుగుల ఆరున్నర అంగుళాలే. పలకలు గుంజల లోపలి వైపు కొడితే ఇంకో మూడు అంగుళాలు పోతుంది. ముందు గోడ కట్టి, లోపల కొలిచి, తర్వాత మ్యాట్ కోయండి. కోసే చోట కింద ఒక 2×4 చెక్క అడ్డంగా పెడితే గాటు నోరు తెరుచుకుంటుంది. బ్లేడుకు సబ్బు నీళ్ళు రాస్తూ మూడు నాలుగు గీతల్లో తెంచాలి, ఒక్క దెబ్బకు కోయాలని చూస్తే బ్లేడు విరుగుతుంది. మ్యాట్ల కింద రాతిపొడి నాలుగు అంగుళాలు వేసి దిమ్మిస కొట్టండి, 8 అడుగులకు ఒక అంగుళం వాలు నడవా వైపు.

లద్దె_బుట్ట
మ్యాట్లు ఎండలో ఒక పూట పరిచి ఉంచాక కొలవండి. చుట్టి వచ్చినవి సాగి, మరునాటికి అంచులు లేచి కూర్చుంటాయి.