సొంతంగా కట్టుకునే విమానం: లైసెన్స్ ముందా, కిట్ ముందా?

ప్రశ్న (డాలస్ శివారు నుంచి)

అందరికీ నమస్కారం. నేను పదకొండేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాను. ఇప్పటికీ హెచ్-1బి మీదే ఉండి, గ్రీన్‌కార్డు వరసలో ఎదురుచూస్తున్నాను. తెనాలి దగ్గర మా నాన్నగారికి రైసు మిల్లు ఉండేది. బడి సెలవుల్లో ఆయన పక్కన నిలబడి బేరింగులు విప్పడం, బెల్టులు మార్చడం నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక మాత్రం కీబోర్డు తప్ప మరో పనిముట్టు పట్టిన గుర్తు లేదు.

కిందటి వేసవిలో విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌కు ఎయిర్‌వెంచర్ అనే విమానాల ప్రదర్శన చూడడానికి వెళ్లాను. గడ్డి మైదానం మీద వరసలు వరసలుగా నిలిపిన విమానాల్లో చాలావాటిని వాటి యజమానులే తమ గారేజీల్లో కట్టారని తెలిసినప్పటి నుంచి ఆ ఆలోచన నన్ను వదలడం లేదు. అక్కడ ఒక పెద్దాయన తన రెక్క కింద కూర్చుని, ఏ రివెట్‌ను ఏ సంవత్సరం కొట్టారో, దేన్ని రెండుసార్లు తీసి మళ్లీ వేయాల్సి వచ్చిందో కూడా నాకు ఓపిగ్గా చూపించారు.

వాన్స్ కంపెనీ కిట్‌గా, అంటే విడిభాగాలుగా, అమ్మే ఆర్‌వీ-9ఏ విమానం కట్టాలని అనుకుంటున్నాను. మా ఇంట్లో రెండు కార్ల గారేజీ ఉంది. అందులో సగం నాకు వదలడానికి, ఆదివారాలు పిల్లలకే ఉంచాలన్న షరతు మీద, మా ఆవిడ ఒప్పుకుంది. నాకు పైలట్ లైసెన్స్ లేదు. ముందు లైసెన్స్ తెచ్చుకోమని కొందరు, కట్టడానికి ఎలాగూ ఆరేడేళ్లు పడుతుంది కాబట్టి తోక కిట్ (మొదట కట్టే తోక భాగాలు) ఇప్పుడే తెప్పించుకుని చివరి ఏడాదిలో ఎగరడం నేర్చుకోవచ్చని కొందరు చెబుతున్నారు. అనుభవం ఉన్నవారు ఏమంటారు? నా వీసా దీనికి ఎక్కడైనా అడ్డు వస్తుందా?

జవాబు (పోర్ట్‌లాండ్ నుంచి)

వీసా సంగతి వరకు నేను చెప్పగలను, ఆ దారిలో నడిచినవాణ్ణి కాబట్టి. గారేజీలో విమానం కట్టుకోవడానికి మిమ్మల్ని ఎవరూ వీసా అడగరు. ఎగరడం నేర్చుకోవడానికి మాత్రం అమెరికా పౌరులు కానివారందరూ, గ్రీన్‌కార్డు ఉన్నవారితో సహా, ముందుగా టీఎస్‌ఏకు (విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే భద్రతా సంస్థకు) దరఖాస్తు చేసి, వేలిముద్రలిచ్చి, అనుమతి పొందాలి. అది వచ్చాకే శిక్షణ మొదలవుతుంది. కాబట్టి దరఖాస్తు ఈ వారమే పెట్టండి.

అసలు చిక్కు రిజిస్ట్రేషన్ దగ్గర ఉంది. విమానాన్ని సొంత పేరున ఎఫ్‌ఏఏలో (అమెరికా పౌర విమానయాన సంస్థలో) నమోదు చేయించాలంటే అమెరికా పౌరులో, శాశ్వత నివాసులో అయి ఉండాలి. హెచ్-1బి మీద ఉన్నవారు అమెరికా పౌరుడు ట్రస్టీగా ఉండే ట్రస్టు ద్వారా నమోదు చేయించుకోవచ్చు గానీ, దానికి న్యాయవాది ఖర్చు, ఏటా ట్రస్టీ రుసుము ఉంటాయి. ఇంకొక విషయాన్ని చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటారు. తాను కట్టిన విమానానికి ఏటా జరగాల్సిన తనిఖీని తానే చేసి సంతకం పెట్టే హక్కునిచ్చే రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కు కూడా పౌరసత్వమో గ్రీన్‌కార్డో కావాలి. అది లేనంత కాలం ఆ తనిఖీకి లైసెన్స్ ఉన్న మెకానిక్‌ను పిలవాల్సిందే. నేను గ్రీన్‌కార్డు వచ్చేవరకు ఆగి, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్ కాగితాలు పంపాను. విమానం పూర్తి కావడానికే ఏళ్లు పడుతుంది కనుక నాకు ఆ ఆగడం పెద్ద నష్టంగా తోచలేదు.

జవాబు (ఒహాయో నుంచి)

నేను 160 హార్స్‌పవర్ల లైకమింగ్ ఇంజన్‌తో ఆర్‌వీ-9ఏ కట్టాను. ఆరేళ్ల ఎనిమిది నెలలు పట్టింది. మీ ప్రశ్నకు నా జవాబు ఒక్క వాక్యంలో ఇది: లైసెన్స్ ముందే తెచ్చుకోండి, ఆ తర్వాత కడుతున్నంత కాలం ఎగరడం మానకండి. రెండో సగం మొదటి సగం కన్నా కష్టం. నేను తప్పింది అక్కడే.

ముందు కట్టడం గురించి చెబుతాను. ఎఫ్‌ఏఏ నియమం ప్రకారం విమానంలో ప్రధాన భాగాన్ని, అంటే సగానికి మించిన పనిని, నేర్చుకోవడానికో సరదాకో ఔత్సాహికులే చేసి ఉండాలి. అందుకే మొదటి రోజు నుంచి రోజువారీ పుస్తకం రాయండి, ఫొటోలు తీయండి. ఆ ఫొటోల్లో రేకు ఒక్కటే కాకుండా పని చేస్తున్న మీరు కూడా కనిపించాలి. తనిఖీకి వచ్చే అధికారి అడిగేది అదే, తర్వాత రిపేర్‌మన్ సర్టిఫికెట్‌కు ఆధారమూ అదే.

తోక కిట్ అసలు ఉపయోగం మీ చేతులకు బడి కావడం. రేకును క్లెకోలతో (తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్నులతో) బిగించి, రంధ్రాలు సరిచేసి, విప్పి, ప్రతి రంధ్రం అంచునూ నునుపు చేసి, డింపుల్ కొట్టి (రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా గుంట నొక్కి), ప్రైమర్ వేసి, మళ్లీ బిగించి, అప్పుడు గానీ రివెట్ దాకా రారు. ఒకరు రివెట్ గన్ పట్టుకుంటే రెండోవారు వెనక బకింగ్ బార్ అనే బరువైన లోహపు దిమ్మె ఆనించి పట్టాలి. వెనకవైపు నలిగి ఏర్పడే తల వెడల్పు రివెట్ కాడ మందానికి ఒకటిన్నర రెట్లు, ఎత్తు ఆ కాడ మందంలో సగం ఉండాలి. ఈ కొలతను గేజి పెట్టి చూడడం మొదటి నెలంతా మానవద్దు. మా అబ్బాయికి పదకొండేళ్లప్పుడు బకింగ్ బార్ పట్టించాను. రెక్కల లోపలికి వాడి చేయి దూరినంత సులభంగా నా చేయి దూరేది కాదు.

చెడిన రివెట్‌ను చూసి కంగారుపడి తీయబోతే దానికన్నా పెద్ద నష్టం జరుగుతుంది. తోకలోని ఎలివేటరు రేకులో ఒక వంకర రివెట్‌ను డ్రిల్లుతో తీయబోయి రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి తెచ్చాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మరుసటి వారం, సొంతంగా విమానాలు కట్టుకునేవారి సంఘమైన ఈఏఏ స్థానిక శాఖ నుంచి టెక్నికల్ కౌన్సెలర్ మా ఇంటికి వచ్చి, పైసా తీసుకోకుండా రెండు గంటలు కూర్చుని, ఒక సైజు పెద్ద రివెట్ ఎక్కడ సరిపోతుందో, ఎక్కడ రేకు మార్చక తప్పదో వివరించారు. 1953లో మిల్వాకీలో కొద్దిమంది ఔత్సాహికులతో మొదలైన ఆ సంస్థలో సభ్యత్వం తీసుకోవడం గన్ కొనడం కన్నా ముందు చేయాల్సిన పని అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక నా తప్పు సంగతి. నాకు కిట్ కొనకముందే లైసెన్స్ ఉంది. ఇంజన్ వచ్చాక, వైరింగు మొదలయ్యాక, ప్రతి శనివారం 'ఈ ఒక్క వారం ఎగరకుండా పని చేస్తే అంత త్వరగా పూర్తవుతుంది' అనుకుంటూ పద్నాలుగు నెలలు ఏ విమానం ఎక్కలేదు. విమానం హ్యాంగరుకు చేరి, మూడు తూకపు పళ్లాల మీద బరువు చూసి, గురుత్వ కేంద్రం లెక్కకట్టి, ఇంధన ప్రవాహ పరీక్ష కూడా అయ్యాక, మొదటి ప్రయాణానికి సలహా ఇచ్చే ఈఏఏ ఫ్లైట్ అడ్వయిజర్ నా లాగ్‌బుక్ తిరగేసి, 'గత తొంభై రోజుల్లో ఎన్ని ల్యాండింగులు చేశారు?' అని అడిగారు. ఒక్కటీ లేదు. పరీక్షించని విమానాన్ని చేయి తప్పిన పైలట్ నడిపితే, ఇంజన్ తడబడిన క్షణంలో రెండు లోపాలూ కలిసి వస్తాయి. అమెరికా రవాణా భద్రతా మండలి (ఎన్‌టీఎస్‌బీ) 2012లో ఇంట్లో కట్టిన విమానాల ప్రమాదాల మీద చేసిన అధ్యయనంలో కూడా ఇంజన్ వైఫల్యం, గాలిలో అదుపు తప్పడం ముందు వరసలో నిలిచాయి.

ఆర్‌వీల మీద వందల గంటలు ఎగిరిన ఒక మిత్రుణ్ణి మొదటి ప్రయాణం చేయమని అడిగాను. ఆరేళ్లు నా చేతులతో కట్టిన దాన్ని మరొకరు నేల మీంచి లేపుతుంటే రన్‌వే పక్కన గడ్డిలో నిలబడి చూశాను. బాధ కలిగింది, దాచను. కానీ ఆ నిర్ణయం సరైనదే, మళ్లీ అయినా అదే చేస్తాను. కడుతున్నప్పుడు నెలకు రెండు గంటలు ఎగిరి ఉంటే ఆ సీటులో నేనే కూర్చునేవాణ్ణి.

జవాబు (ఫీనిక్స్ నుంచి, ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌ను)

పై వారు చెప్పిన దానికి శిక్షణ వైపు నుంచి కొంత చేరుస్తాను. ప్రైవేట్ పైలట్ లైసెన్స్‌కు చట్టం అడిగే కనీస సమయం 40 గంటలే అయినా, ఉద్యోగం చేసుకుంటూ నేర్చుకునేవారికి అంతకన్నా చాలా ఎక్కువే అవుతుంది. వారానికి రెండుసార్లు వచ్చేవారు త్వరగా, తక్కువ ఖర్చుతో పూర్తి చేస్తారు. నెలకు రెండుసార్లు వచ్చేవారు ప్రతిసారీ గత పాఠాన్నే మళ్లీ నేర్చుకుంటారు. మీ చోట ఉంటే నేను మొదటి ఏడాది డబ్బంతా శిక్షణకే పెట్టి, ఒంటరిగా ఎగిరిన తర్వాతే తోక కిట్‌కు ఆర్డరు ఇస్తాను.

సెస్నా 172 మీద నేర్చుకున్నవారు ఆర్‌వీలోకి వచ్చినప్పుడు రెండు చోట్ల తడబడడం చూశాను. ఆర్‌వీలోని స్టిక్ (నిలువు నియంత్రణ కడ్డీ) చాలా తేలిగ్గా కదులుతుంది, సెస్నాలోని యోక్‌ను (స్టీరింగులాంటి పిడిని) లాగే అలవాటుతో లాగితే ముక్కు అనుకున్న దానికన్నా పైకి లేస్తుంది. రెండోది, దిగేటప్పుడు వేగం సులభంగా తగ్గదు, అందుకే సర్క్యూట్‌లోకి (దిగే ముందు రన్‌వే చుట్టూ తిరిగే దారిలోకి) వచ్చేటప్పటికే ఆలోచన విమానం కన్నా ముందు ఉండాలి. కాబట్టి మొదటి ప్రయాణానికి ముందు అదే రకం విమానంలో, దానికి ఎఫ్‌ఏఏ అనుమతి ఉన్న ఇన్‌స్ట్రక్టర్ దగ్గర కొన్ని గంటల పరివర్తన శిక్షణ తీసుకోండి. బీమా కంపెనీలు కూడా దాన్నే అడుగుతాయి.

కొత్త ఇంజన్‌ను నేల మీద అటూఇటూ వేగంగా పరుగెత్తిస్తూ పరీక్షించాలనే కోరిక చాలామందికి ఉంటుంది. దానివల్ల బ్రేకులు వేడెక్కుతాయి, సిలిండర్లు వేడెక్కుతాయి, పిస్టన్ రింగులు సరిగా కుదురుకోవు. ఆ ఇంజన్‌కు గాలిలో అధిక శక్తితో నడవడమే కావాలి. మొదటి గంట విమానాశ్రయం నెత్తిన, ఇంజన్ ఆగినా జారుతూ రన్‌వేకి చేరగల దూరంలోనే తిరగండి. ఆ తర్వాత ఇంజన్, ప్రొపెల్లర్ రెండూ కలిపి వాడడానికి ధ్రువీకరించిన జంట అయితే సాధారణంగా 25 గంటలు, కాకపోతే 40 గంటలు, సరదా ప్రయాణికులెవరూ లేకుండా, నిర్ణయించిన ప్రాంతంలోనే పరీక్షాకాలం గడపాలి. ఆ గంటలను ఎలాగో దొర్లించవద్దు. ప్రతి ప్రయాణానికీ ముందుగా ఏం పరీక్షించాలో కార్డు రాసుకుని, స్టాల్ వేగం (రెక్కలు విమానాన్ని మోయలేకపోయే వేగం), ఎక్కే వేగం, ఇంధన వినియోగం మీరే కొలిచి రాసిన పుస్తకమే రేపు మీ విమానానికి ఆధారం.

తిరిగి ప్రశ్నించినవారు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. టీఎస్‌ఏ దరఖాస్తు నిన్న రాత్రి పంపాను. రేకుపని నేర్పే రెండు రోజుల వర్క్‌షాపుకు పేరు ఇచ్చాను. ఒంటరిగా ఎగిరిన రోజు తోక కిట్ ఆర్డరు చేస్తానని మా ఆవిడకు మాట ఇచ్చాను. ఒహాయోవారిని ఒక్కటి అడుగుతాను: మా గారేజీలో ఏసీ లేదు, జులై, ఆగస్టుల్లో లోపల నిలబడడమే కష్టం. ఏ పనులు ఏ కాలానికి ఉంచుకోవాలి?

జవాబు (ఒహాయో నుంచి)

చాలా పనులకు వేడి మిమ్మల్నే ఇబ్బంది పెడుతుంది, విమానాన్ని కాదు. రెండు పనులకు మాత్రం కాలం చూసుకోండి. ఇంధన ట్యాంకులకు పూసే ప్రోసీల్ అనే సీలెంటును, గట్టిపరిచే పదార్థంతో, తూకం మీద పదికి ఒకటి పాళ్లలో కలుపుతారు. బీ-2 రకం 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర సుమారు రెండు గంటలు చేతికి లొంగుతుంది, వేడి, తేమ పెరిగితే అంతకన్నా త్వరగా బిగుస్తుంది. కాబట్టి ట్యాంకులను డిసెంబరు, జనవరి ఉదయాలకు ఉంచండి. ఒక్కసారికి కావలసినంతే కలపండి, పాత బట్టలు వేసుకోండి, ఎందుకంటే ఆ నల్లటి జిగురు అంటిన చొక్కా ఇక ఉతికినా దక్కదు. పైకప్పు కానోపీ మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆ ప్లెక్సీగ్లాసును చలిలో కోసినా, డ్రిల్లు చేసినా అంచు నుంచి పగులుతుంది. నేను ఒహాయోలో మే నెల దాకా ఆగి, గారేజీలో హీటర్లు పెట్టి, చేయి వణుకుతుండగా మొదటి రంధ్రం వేశాను. ఆ పనికి మీ డాలస్ ఆగస్టు మధ్యాహ్నానికి మించిన సమయం లేదు. అప్పటిదాకా కానోపీని అది వచ్చిన పెట్టెలోనే, గోడ వైపు, పిల్లల సైకిళ్లకు దూరంగా ఉంచండి.