చర్చ: నల్లగొండ, పాలమూరు నీళ్ల చరిత్రను డిజిటల్ భాండాగారంగా కూర్చడం ఎలా?

గ్రంథపాలకురాలు, నల్లగొండ:
కృష్ణ, మూసీ, డిండి నదుల గురించి, మన చెరువుల గురించి, ఫ్లోరైడ్ సమస్య గురించి మా గ్రంథాలయంలో ఉన్న పుస్తకాలు, నివేదికలు, పటాలు, ఫోటోలను డిజిటల్ రూపంలో ఒకచోటికి చేర్చాలని సంకల్పించాం. నాగార్జునసాగర్ నిర్మాణ కాలం నాటి కాగితాలు కొన్ని ముట్టుకుంటే పొడి అయ్యే స్థితిలో ఉన్నాయి. ఒక స్కానరు, ఒక కంప్యూటరు, ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తలు ఉన్నారు. దేనితో మొదలుపెట్టాలి, ఏ పద్ధతిలో వర్గీకరించాలి? ఇటువంటి పని చేసినవారు తమ అనుభవం పంచుకోవలసిందిగా మనవి.

విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, మిర్యాలగూడ:
అమ్మా, మంచి పని తలపెట్టారు. వర్గీకరణ విషయంలో మాత్రం ఒక్క మాట గట్టిగా చెబుతాను. జిల్లాల వారీగా పెట్టకండి. 2016 అక్టోబరు 11న ఉమ్మడి నల్లగొండ మూడు జిల్లాలైంది. పాలమూరు నాలుగుగా విడిపోయి, 2019లో నారాయణపేట కూడా వేరుపడింది. పాత నివేదికలో ‘నల్లగొండ జిల్లా’ అని ఉన్న చెరువు ఇవాళ సూర్యాపేటలోనో యాదాద్రి భువనగిరిలోనో ఉండవచ్చు. నీళ్లకు ఈ సరిహద్దులు లేవు. నదిని మొదటి మెట్టుగా, దానిలో కలిసే వాగును రెండో మెట్టుగా, ఆ వాగు మీది చెరువును, ఊరిని ఆ తరువాతి మెట్లుగా పెట్టుకుంటే, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీకి సంబంధించిన కాగితాలన్నీ, 1908 సెప్టెంబరు నాటి హైదరాబాదు వరద నుంచి ఈ రోజు నీటి పరీక్ష ఫలితాల దాకా, ఒకే వరుసలో కనిపిస్తాయి. మన దగ్గరివి గొలుసుకట్టు చెరువులు కాబట్టి, పై చెరువు అలుగు పారి కింది చెరువులోకి నీళ్లు ఎలా వస్తాయో ఈ వరుసలోనే అర్థమవుతుంది. జిల్లా, మండలం పేర్లు కూడా నమోదు చేయండి. అయితే పాతవీ కొత్తవీ రెండూ ఉండాలి.

ఉపాధ్యాయుడు, అలంపూర్:
ఇంజనీరు గారి మాటతో ఏకీభవిస్తున్నాను. ముంపు ఊళ్లకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉండాలని నా కోరిక. శ్రీశైలం జలాశయం కింద పోయిన ఊళ్ల వాళ్లు ఇప్పుడు అనేక చోట్ల స్థిరపడ్డారు. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపూరుకు తెచ్చి మళ్లీ కట్టారు గానీ, ఆ గుడి చుట్టూ ఉన్న ఊరి ఫోటోలు మిగిలింది ఇళ్లలోని ట్రంకుపెట్టెల్లోనే. అలాగే 2009 అక్టోబరు మొదటివారంలో కృష్ణ, తుంగభద్ర పొంగి అలంపూరు, రాజోలి మునిగినప్పుడు తీసిన ఫోటోలు పాత సెల్‌ఫోన్లలో, సీడీల్లో ఉన్నాయి. కాగితం వందేళ్లు ఆగుతుందేమో గానీ ఆ సీడీలు ఆగవు. కనుక వీటిని ముందు తీసుకోండి.

పరిశోధక విద్యార్థిని, మహబూబ్‌నగర్:
నిజాం కాలపు పత్రాల గురించి చెబుతాను. కోయిల్‌సాగర్, డిండి వంటి ప్రాజెక్టుల కాగితాలు, ఊళ్ల సేత్వార్లు (భూముల మూల రికార్డులు) చాలావరకు ఉర్దూలో, ఫసలీ (నాటి రెవెన్యూ లెక్కల) సంవత్సరాలతో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది గానీ, హైదరాబాదు సంస్థానపు ఫసలీ సంవత్సరం అక్టోబరులో, ఆజుర్ నెలతో మొదలయ్యేది. కాబట్టి 1350 ఫసలీని ‘1940-41’ అని రెండు సంవత్సరాలుగా రాసి, అసలు ఫసలీ అంకెను కూడా పక్కన ఉంచాలి. అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ విషయానికొస్తే, టెసెరాక్ట్ తెలుగును చదువుతుంది, కొత్త అచ్చయితే ఫలితం బాగుంటుంది. లిథోలో, అంటే రాతి అచ్చులో, వచ్చిన ఉర్దూ నస్తాలిఖ్ లిపిని దానికి వదిలేయకండి, చదవగలిగిన పెద్దవారితో తెలుగులో సారాంశం రాయించండి.

1954-55 ఖాస్రా పహాణీల్లో, అంటే నాటి భూమి రికార్డుల్లో, చెరువుల శిఖం (నీళ్లు నిలిచే) భూములు సర్వే నంబర్లతో సహా ఉంటాయి. ఏ చెరువు ఎంత కుదించుకుపోయిందో తేల్చడానికి అంతకంటే బలమైన ఆధారం అరుదు. వీటిలో పట్టాదారుల పేర్లు కూడా ఉంటాయి కనుక, నెట్‌లో పెట్టే ప్రతిలో శిఖం వరుసలు మాత్రమే ఉంచి, పూర్తి ప్రతిని గ్రంథాలయంలో చూసేందుకు పరిమితం చేయడం మేలు.

గ్రంథపాలకురాలు, నల్లగొండ:
అందరికీ ధన్యవాదాలు. కాపీరైటు సంగతి కూడా తెలిసినవారు చెప్పండి. ఫ్లోరైడ్ బాధితుల ఫోటోలు మా దగ్గర ఉన్నాయి, వాటిని ఏం చేయాలి?

విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు, మిర్యాలగూడ:
ప్రభుత్వ ప్రచురణలకు అచ్చైన నాటి నుంచి 60 ఏళ్లు, రచయితల పుస్తకాలకు వారు మరణించాక 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గ్రంథాలయం తన దగ్గర కాగితపు ప్రతి ఉన్న రచనను సంరక్షణ కోసం డిజిటల్‌గా నిల్వ చేసుకోవచ్చని కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ చెబుతోంది. అందరికీ నెట్‌లో పెట్టడానికి అది చాలదు.

ఆరోగ్య కార్యకర్త, మర్రిగూడ:
ఫోటోల సంగతి నాకు వదలండి. వంకరపోయిన కాళ్లతో ఉన్న పిల్లల ఫోటోలు దశాబ్దాలుగా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. ఆ పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు, వారిని అడిగినవారు లేరు. సమ్మతి దొరికిన ఫోటోనే పెట్టండి, దొరకకపోతే దాచి ఉంచండి. దాని బదులు ఊరి వారీగా బోరు నీటి పరీక్షల ఫలితాలు పెడితే అందరికీ పనికొస్తాయి: ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన ఊరు ఏది, కృష్ణా నీళ్లు వచ్చాక ఎక్కడ మారింది అన్నది తెలుస్తుంది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించగా అది నల్లగొండ పేరుతోనే ప్రపంచానికి తెలిసింది. దాన్ని వాడిన ఊళ్లలో నీటిని శుద్ధి చేసిన తొట్లు ఏమయ్యాయో, ఎందుకు నిలిచిపోయాయో వివరించే కాగితం ఒక్కటి దొరికినా ముందు స్కాన్ చేయండి.

స్థానిక చరిత్ర అభిమాని, నాగర్‌కర్నూల్:
కాగితంలో లేనిది నీరటికాండ్ల దగ్గర, అంటే చెరువు నీళ్లను పొలాలకు పంచేవారి దగ్గర, ఉంది. మా ఊరి పెద్ద నీరటికాడిని ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే రెండు ముక్కలే చెప్పాడు. కట్ట మీదికి తీసుకెళ్తే తూము బిరడా ఎంత ఎత్తితే ఏ మడికి ఎంతసేపట్లో నీళ్లు చేరతాయో, కరువు సంవత్సరంలో వంతులు ఎలా వేసేవారో, మేర కింద ఎంత ధాన్యం ఇచ్చేవారో చేత్తో చూపిస్తూ చెప్పుకుపోయాడు. కట్ట మీద గాలి హోరు వస్తుంది కనుక చొక్కాకు తగిలించే మైకును కండువా మడతలో పెట్టాలి. దేశంలో అనేక ఆనకట్టలకు చెమటోడ్చిన పాలమూరు కూలీల మాటలు కూడా ఇలాగే నమోదు కావాలి. ఆ తరం వాళ్లు తగ్గిపోతున్నారు.

గ్రంథపాలకురాలు, నల్లగొండ:
పానగల్లు ఉదయ సముద్రంతో మొదలుపెడుతున్నాం. కందూరు చోడుల కాలపు చెరువు, ఇప్పుడు కృష్ణా నీళ్లు నింపుకొనే జలాశయం కాబట్టి శాసనాల నుంచి నీరటికాడి మాట దాకా అన్నీ ఒకే దస్త్రంలో పట్టి చూడవచ్చు. ఉర్దూ లిథో పుటలు చదివిపెట్టగలవారు, ఆదివారాలు గ్రంథాలయానికి రాగలవారు ఉంటే దయచేసి ఇక్కడే తెలియజేయగలరు.