‘బ్రదర్ టు మీ’ అంటే తమ్ముడు కాడా?

బెంగళూరులో ఉంటాం. ఇవాళ నాకు ఆఫీసులో ఆలస్యమయ్యేలా ఉంటే, పాపని మా పెద్దమ్మ కొడుకు తీసుకెళ్తాడని స్కూలుకి ఇంగ్లీషులో చీటీ పంపాను. ‘నాకు తమ్ముడవుతాడు’ అన్నది మనసులో పెట్టుకుని ‘హీ ఈజ్ ఎ బ్రదర్ టు మీ’ అని రాశా. టీచర్ ఫోన్ చేసి, ‘బంధువేనా, స్నేహితుడా?’ అని అడిగింది. తప్పెక్కడ?

— తప్పంతా మన ‘కు’ది. మనకి చుట్టరికమంతా కు, కి మీదే నడుస్తుంది: నాకు తమ్ముడు, ఆవిడకి మేనకోడలు. దాన్ని ‘టు’ చేస్తే ‘తమ్ముడిలాంటివాడు’ అన్న అర్థమొస్తుంది. రక్తసంబంధం లేకున్నా అలా మసలుకునేవాడన్నమాట. పాత ఇంగ్లీషు రాతల్లో ‘బ్రదర్ టు ద కింగ్’ అంటే రాజుగారి సొంత తమ్ముడే. మీరు రాజుగారు కాదుగా! ‘ఎ కజిన్ ఆఫ్ మైన్’ అంటే సరిపోయేది. మనం ‘మా కజిన్ ఒకడు’ అంటాం కానీ, ఇంగ్లీషులో ‘ఎ’, ‘మై’ పక్కపక్కన ఇమడవు. అందుకే ‘ఆఫ్ మైన్’ని వెనక్కి తోస్తారు.

— మరి ‘మ్యారీడ్’ పక్కన ‘టు’నే కదా? నేను పదేళ్లు ‘విత్’ వాడాను. ఫలానావాళ్లతో పెళ్లయింది అంటాం కదా, ఆ అలవాటు.

— అవును, మ్యారీడ్, ఎంగేజ్డ్, రిలేటెడ్ మూడింటికీ ‘టు’. అమ్మ తరఫు చుట్టమైతే ‘ఆన్ మై మదర్స్ సైడ్’. మనవాళ్లు ‘ఫ్రమ్ మదర్ సైడ్’ అనేస్తారు, మన దగ్గర అందరికీ అర్థమవుతుంది కూడా. నాకు నచ్చేది ‘బై’. మొదటి భార్య వల్ల కలిగిన కొడుకుని ‘హిజ్ సన్ బై హిజ్ ఫస్ట్ వైఫ్’ అంటారు. అచ్చం మన ‘వల్ల’!

— ‘ఎ సన్’, ‘ద సన్’ సంగతి?

— ‘ఎ సన్ ఆఫ్ అవర్ నైబర్’ అంటే ఆయనకి ఇంకా కొడుకులున్నారేమో అనిపిస్తుంది. అలాగని ‘ద సన్ ఆఫ్ ఎ ఫార్మర్’ అంటే ఒక్కడే కొడుకని కాదు. రైతుబిడ్డ అని, అంతే. ‘ద’ కనబడగానే ‘ఏకైక’ అని అనువదించేవాళ్లు కాస్త ఆగాలి.

— మా ఆఫీసులో ఒకాయన ‘మా ఆవిడ’ని ‘అవర్ వైఫ్’ చేశాడు. ఇప్పటికీ ఏడిపిస్తున్నాం.

— తోడల్లుడికి మాత్రం ఇంగ్లీషులో విడిగా మాట లేదు, ‘బ్రదర్-ఇన్-లా’లోనే కలిపేస్తారు. మనం ‘కో-బ్రదర్’ అంటాం, అది బయటివాళ్లకి తెలీదు. తేడా తెలియాలంటే విడమర్చి ‘మై వైఫ్స్ సిస్టర్స్ హస్బెండ్’ అనాల్సిందే. ఇక్కడి కన్నడవాళ్లతో ఆ బాధ లేదు. వాళ్లూ ‘షడ్డక’ అంటారు, మన షడ్డకుడే.

— అందరికీ థాంక్స్. చీటీ మార్చి ‘ఎ కజిన్ ఆఫ్ మైన్, ఆన్ మై మదర్స్ సైడ్’ అని పంపాను. ఈలోపే గేటు దగ్గర పాప ‘మావయ్యా!’ అని పరిగెత్తిందట, చీటీ ఎవరూ చూడలేదు.